పళ్ళ డాక్టరమ్మకి నొప్పి వస్తే?

పన్ను నొప్పి ఎలా ఉంటుందో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. రాత్రి పదకొండింటికి మొదలవుతుంది. లవంగం పెట్టినా, ఉప్పునీళ్ళు పుక్కిలించినా తగ్గదు. తెల్లవారగానే పళ్ళ డాక్టరు గుమ్మం ముందు నిలబడతాం. కుర్చీలో పడుకుని, నోరు తెరిచి, కళ్ళు మాత్రం గట్టిగా మూసేసుకుంటాం. అందుకే మన మీదికి వంగి పనిచేస్తున్న మనిషి ఎలా ఉందో మనం ఎప్పుడూ చూడం. ఇంట్లోనే పళ్ళ డాక్టరు ఉన్నా, నేనూ చూడలేదు.

మాది నర్సీపట్నం. మా తోటికోడలు పళ్ళ డాక్టరు. వీధి వైపు రెండు గదులు క్లినిక్ కి వదిలేసి, వెనక వైపు మేమంతా ఉంటాం. గాలి కొట్టే కంప్రెసర్ నా వంటింటి పక్క వసారాలో పెట్టారు. అది గుర్రుమందంటే లోపల ఎవరి పన్నో అరగదీస్తున్నారని లెక్క. నేను ఇంటర్మీడియట్ తో చదువు ఆపేసి కాపురానికి వచ్చినదాన్ని. ఆ అమ్మాయి నాలుగేళ్ళు బి.డి.యస్. చదివి, ఆ పైన ఏడాది హాస్పిటల్లో పనిచేసి వచ్చింది. తను క్లినిక్ లో ఉంటే వంటింటి పని నా మీదే పడుతుంది కదా! దాచుకోవడం ఎందుకు, మొదట్లో నాకు కాస్త ఉక్రోషంగానే ఉండేది. "ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని చేసే పని. దానికి ఇంత అలసటేమిటి?" అని మా వారితో అన్న రోజులున్నాయి.

చెంచాతో అన్నం

రెండేళ్ళ కిందటి వేసవి సంగతి. తను రాత్రి తొమ్మిదింటికి లోపలికి వచ్చి అన్నం చెంచాతో తినడం మొదలుపెట్టింది. పప్పూ అన్నం, పులుసూ అన్నం, చివరికి పెరుగన్నం కూడా చెంచాతోనే. ఈ కొత్త ఫ్యాషనేమిటి అని మా అత్తయ్యగారు మూతి తిప్పుకున్నారు. నేనూ లోపల్లోపల నవ్వుకున్నాను. నాలుగు రోజులయ్యాక ఆదివారం నాడు కుక్కర్ దింపమంటే అది చేతిలోంచి జారి గట్టు మీద పడింది. మూత పెట్టి ఉంది కాబట్టి సరిపోయింది. "చూసుకోవద్దూ?" అని నేను కేకలేశాను. తను మాట్లాడలేదు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు నా ముందు చాపింది.

"అక్కా, ఈ రెండు వేళ్ళకీ స్పర్శ సరిగ్గా తెలియడం లేదు. నెల రోజులైంది. అన్నం కలిపితే ముద్ద రావడం లేదు."

అంతసేపూ బాగానే ఉంది. ఆ తర్వాత ఇంకో మాట అంది. "ఈ చెయ్యి పనికి రాకపోతే కుర్చీ మీద తెచ్చిన అప్పు ఎవరు తీరుస్తారు?" అని. అప్పుడు ఏడ్చింది. నాకు చెంచా సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

విశాఖపట్నం తీసుకెళ్ళి చూపించాం. మెడ దగ్గర నరం మీద ఒత్తిడి పడిందన్నారు. మందులు కొన్ని వారాలే ఇచ్చారు. ఫిజియోథెరపీ చేసే ఆయన మాత్రం మందుల మాట ఎత్తలేదు. "రోజూ ఎలా కూర్చుంటారో చూపించండి" అన్నారు. తను స్టూలు మీద కూర్చుని, కుడివైపుకి ఒరిగి, మెడ వంచి చూపించింది. "ఇలా ఎన్ని గంటలు?" అన్నారు. "ఎనిమిది, తొమ్మిది." "మధ్యలో లేవడం?" తను నా వైపు చూసింది. మధ్యాహ్నం రెండున్నరకో మూడింటికో వచ్చి, నిలబడే నాలుగు ముద్దలు మింగి వెళ్ళిపోవడం నేను రోజూ చూస్తున్నదే.

మన తల బరువు సుమారు అయిదు కిలోలు ఉంటుందట. నిటారుగా ఉన్నంతసేపూ ఆ బరువు తెలియదు. ముందుకు వంచే కొద్దీ మెడ కండరాలు దాన్ని లాగి పట్టుకోవాలి. అయిదు కిలోల బియ్యం సంచి చంకన పెట్టుకుని నడవడం తేలికే. అదే సంచిని చెయ్యి చాపి ముందుకు పట్టుకుని రెండు నిమిషాలు నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది. పళ్ళ డాక్టర్ల మెడ రోజంతా చేసే పని అదే.

మూడు నాలుగు లక్షల చుట్లు

పాత రోజుల్లో పళ్ళ డాక్టర్లు నిలబడే పని చేసేవారట. కాళ్ళు వాచేవి, నరాలు ఉబ్బేవి. తర్వాత రోగిని పడుకోబెట్టి డాక్టరు కూర్చుని చేసే కుర్చీలు వచ్చాయి. కాళ్ళకి సుఖం దొరికింది, బాధ మెడకీ నడుముకీ మారింది. అమెరికాలో 1957లో జాన్ బోర్డెన్ అనే ఆయన గాలితో తిరిగే వేగపు మిషను తెచ్చారు. దాని పేరు ఎయిరోటర్. ఇప్పటికీ మన డాక్టర్ల నోట ఆ పేరే. మన మిక్సీ ఎంత గట్టిగా తిరిగినా నిమిషానికి 20 వేల చుట్లు తిరుగుతుందేమో. ఇది 3 నుంచి 4 లక్షల చుట్లు తిరుగుతుంది. అంత వేగంతో తిరిగే ముల్లుని, కదిలే నాలుకకీ బుగ్గకీ మధ్య, వెంట్రుక వాసి తేడాలో ఆపి పట్టుకోవాలి. ఆ కుర్చీలో ఉన్న మనిషి భయంతో బిగుసుకుపోయి ఉంటుంది. ఒక్కసారి ఉలిక్కిపడి తల తిప్పినా ప్రమాదమే.

"నాకు చేతినొప్పి కన్నా అదే ఎక్కువ బరువక్కా" అంది ఓసారి. "వచ్చిన ప్రతివాళ్ళూ భయపడుతూనే వస్తారు. నన్ను చూసి ఒక్కరూ సంతోషించరు. వాళ్ళ భయం పోగొట్టాలంటే నేను నవ్వుతూ ఉండాలి. లోపల ఎలా ఉన్నా సరే."

ఈ నవ్వు పని సంగతి మనకి తెలియనిదా! బంధువులు వచ్చినప్పుడు పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ, హాల్లోకి రాగానే మొహం మార్చుకుని నవ్వడం మనమూ చేస్తాం. తను అది రోజుకి పదిహేను ఇరవైసార్లు చేయాలి. మాస్క్ వెనక నుంచి.

ఇక ఊరు పెట్టే ఇబ్బందులు వేరే. చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు వైపు నుంచి కొండ దిగి వచ్చేవాళ్ళకి నర్సీపట్నమే దగ్గర పట్నం. రూట్ కెనాల్ అంటే రెండు మూడుసార్లు రావాలి. వాళ్ళకి మళ్ళీ రావడమంటే కూలి పోవాలి, బస్సు ఛార్జీ పెట్టుకోవాలి. "ఇవాళే అంతా చేసేయమ్మా, ఆఖరి బస్సు పోతాది" అంటారు. కాదనలేక తొందరపడాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది, కంప్రెసర్ ఆగిపోతుంది. 2020 మార్చి చివరలో లాక్‌డౌన్ పెట్టినప్పుడైతే క్లినిక్ మూతపడింది, అప్పు వాయిదాలు మాత్రం ఆగలేదు. తెరిచాక ఆ ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని మన ఎండల్లో పనిచేసింది. సాయంత్రానికి తొడుగు విప్పితే లోపలి బట్టలు పిండుకునేలా ఉండేవి.

బోర్డు తిప్పడం

ఫిజియోథెరపీ ఆయన చెప్పినవాటిలో సగం క్లినిక్ లోపలివి. స్టూలు ఎత్తు మార్చారు. తొడలు కాస్త కిందికి వాలి, పాదాలు రెండూ నేల మీద ఆనాలి. రోగి నోరు తన మోచేతి ఎత్తుకి రావాలి. అంటే తను వంగడం కాదు, కుర్చీ పైకి లేవాలి. పై పళ్ళకి పని ఉంటే రోగి గడ్డం ఎత్తమని అడగాలి. "అడగడానికి మొహమాటమెందుకమ్మా, వాళ్ళ మెడ రెండు నిమిషాలు, మీ మెడ ముప్ఫై ఏళ్ళు" అన్నారాయన. ఆ మాట నాకు బాగా నచ్చింది. సాయం చేసే అమ్మాయికి ఉమ్ము పీల్చే గొట్టం పట్టుకోవడం, చేతికి సామాను అందించడం నేర్పించాం. తలకి తగిలించుకునే భూతద్దాల కళ్ళజోడు కొనడానికి కొంచెం డబ్బు కూడబెట్టాల్సి వచ్చింది. కానీ దూరం నుంచే పన్ను పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి వంగే అవసరం తగ్గింది.

మిగతా సగం ఇంటివి. ఆ సగంలో నా వంతు పని మొదలైంది.

మొదట ఫోను. పన్ను పీకుతూ, గ్లౌజుల చేత్తో ఫోను వంక చూస్తూ ఉండేది. ఆ ఫోను, అపాయింట్‌మెంట్ల పుస్తకం నేను తీసుకున్నాను. పాల లెక్కలు, చీటీల లెక్కలు రాసే మనకి ఇదొక లెక్కా! వారం రోజులు గమనించాక నాకే కొన్ని తెలిశాయి. పిల్లలని పొద్దున్నే రమ్మనాలి. సాయంత్రమైతే వాళ్ళూ చిరాకు పడతారు, డాక్టరమ్మా చిరాకు పడుతుంది. దవడ పన్ను తీయడం లాంటి కష్టమైన పని ఆఖరున పెట్టకూడదు. ప్రతి రెండు గంటలకీ ఒక అరగంట ఖాళీ వదలాలి. అది ఎలాగూ ఖాళీగా ఉండదు, నొప్పితో చెప్పకుండా వచ్చేవాళ్ళు దానిలో పడతారు. అప్పుడు తర్వాతి వాళ్ళకి ఆలస్యం కాదు, లోపల ఉన్నామెకి గుండె దడ ఉండదు.

ఒక పేషెంటు లేచి ఇంకొకరు కూర్చునే మధ్య రెండు నిమిషాలు తీసుకోమన్నారు. లేచి నిలబడి, గడ్డం లోపలికి లాగి అయిదు లెక్కపెట్టడం, వెనక రెక్కల ఎముకలు దగ్గరికి తెచ్చి వదలడం, కిటికీలోంచి దూరంగా చూడడం. గాలి నెమ్మదిగా పీల్చి, పీల్చిన దానికన్నా ఎక్కువసేపు వదలడం. మా కిటికీలోంచి ఎదురింటి కొబ్బరి చెట్టు కనిపిస్తుంది. కళ్ళకి అదే విశ్రాంతి. ఇప్పటికే మెడ నొప్పి, తిమ్మిర్లు ఉన్నవాళ్ళు మాత్రం ఇవి చూసి సొంతంగా మొదలుపెట్టకండి. డాక్టరుకి చూపించుకున్నాకే.

అన్నిటికన్నా పెద్ద గొడవ మధ్యాహ్నం భోజనం దగ్గర వచ్చింది. ఒంటిగంటన్నర నుంచి రెండున్నర దాకా క్లినిక్ మూసేద్దామన్నాను. ఒకవైపు 'తెరిచి ఉంది', రెండోవైపు 'భోజన విరామం' అని బోర్డు రాయించాను. "గుమ్మంలోకి వచ్చిన లక్ష్మిని తలుపేసి పొమ్మంటారా?" అన్నారు అత్తయ్యగారు. మా మరిది ప్రభుత్వ స్కూల్లో మాస్టారు. నెల జీతం లెక్కలు ఆయనకి తెలుసు కాబట్టి ఆయనా ముందు నసిగారు. నిజమే, మొదటి రెండు నెలలు రాబడి తగ్గింది. అబద్ధం చెప్పను. తర్వాత జనం ఆ వేళకి అలవాటు పడ్డారు. ఇప్పటికీ మునుపటి కంటే కొంచెం తక్కువే వస్తుంది. ఆ తగ్గిందానికి బదులుగా మందుల షాపు ఖర్చు తగ్గింది.

చోడి అంబలి

మధ్యాహ్నం తిండి గురించి ఒక మాట. పళ్ళ డాక్టరుకి మధ్యాహ్నం పచ్చి ఉల్లిపాయ, వెల్లుల్లి కారం పెట్టకూడదు. రోగి మొహానికి జానెడు దూరంలో పని మరి! బాగా ఎక్కువ అన్నం పెడితే రెండున్నరకి నిద్ర ముంచుకొస్తుంది. అందుకని కాస్త అన్నం, పప్పు, ఒక కూర, పలచటి మజ్జిగ. పొద్దున్న పదకొండింటికి, సాయంత్రం అయిదింటికి అంబలి. మా వైపు రాగుల్ని చోళ్ళు అంటాం. చోడి అంబలి చెయ్యడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే.

రాత్రి నాలుగు చెంచాల చోడి పిండిని గ్లాసుడు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి మూత పెట్టండి. తెల్లారేసరికి కొంచెం పులుస్తుంది. రెండు గ్లాసుల నీళ్ళలో గుప్పెడు బియ్యపు నూక ఉడికించి, నూక మెత్తబడ్డాక ఈ పిండి నీళ్ళు పోసి, సన్నటి సెగ మీద అడుగంటకుండా కలుపుతూ పది నిమిషాలు ఉడకనివ్వండి. చల్లారాక చిలికిన మజ్జిగ, ఉప్పు, నలిపిన కరివేపాకు. మూత ఉన్న స్టీలు గ్లాసులో పోసి పంపిస్తాను. రెండు నిమిషాల్లో తాగేయొచ్చు.

మంచినీళ్ళ సంగతి మర్చిపోయాను. మాస్క్ తీయాలి, గ్లౌజులు విప్పాలి, పైగా బాత్రూముకి వెళ్ళాల్సి వస్తుందని తను నీళ్ళే తాగేది కాదు. దాంతో ఎండాకాలంలో రెండుసార్లు మూత్రంలో మంట, జ్వరం వచ్చాయి. ఇప్పుడు లీటరు సీసా పొద్దున్న నింపి పెడతాను. మధ్యాహ్నానికి ఖాళీ సీసా నాకు చూపించాలి. చిన్నపిల్లలా ఉందని నవ్వుతుంది గానీ తాగుతుంది.

ఇంటికి తెచ్చుకునే బరువు

చెయ్యి నొప్పి కంటికి కనిపించింది కాబట్టి కనిపెట్టాం. కనిపించని బరువు ఒకటుంది. మన శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్ళు చుట్ట అడ్డపొగ తాగడం మీరు చూసే ఉంటారు. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుంటారు. ఆ వేడికీ పొగకీ అంగిలి పాడై, తెల్లటి మచ్చలు, పుళ్ళు వచ్చి, కొందరికి క్యాన్సర్ గా మారుతుంది. ఇది ప్రపంచమంతా తెలిసిన సంగతేనని తన పుస్తకంలో చూపించింది. డెన్మార్క్ కి చెందిన పిండ్‌బోర్గ్, మన దేశపు మెహతా మరికొందరు కలిసి ఆంధ్రప్రదేశ్ లో 10,169 మంది పల్లె జనం అంగిళ్ళు చూసి రాసిన పరిశోధన 1971లో అచ్చయిందట. మా నాయనమ్మ కూడా అలాగే తాగేది. అదొక ముచ్చటగా చూసేవాళ్ళం చిన్నప్పుడు.

ఒకరోజు ఒక ముసలమ్మ కట్టుడు పళ్ళ కోసం వచ్చింది. మనవరాలి పెళ్ళిలో నవ్వడానికి పళ్ళు కావాలట. నోరు తెరిస్తే అంగిలి మీద పుండు. ముక్క తీసి పరీక్షకి పంపాలి, విశాఖ పెద్దాసుపత్రికి వెళ్ళమని చీటీ రాసి ఇచ్చింది. ముసలమ్మ చీటీ కొంగున ముడివేసుకుని "పెళ్ళయ్యాక ఎల్తానమ్మా" అంది. మళ్ళీ రాలేదు. ఆ రాత్రి తను అన్నం తినలేదు. మరో రాత్రీ తినలేదు. "గట్టిగా చెప్పానా? మరీ గట్టిగా చెప్పి భయపెట్టేశానా?" అని అదే మాట. మా మరిది "నీ పని నువ్వు చేశావు, వదిలెయ్" అన్నారు. మగవాళ్ళు సమాధానం తొందరగా చెప్పేస్తారు. నేను ఏం చెప్పాలో తెలియక చిక్కుడుకాయలు ముందు పెట్టుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నాను. తనూ పక్కన కూర్చుని తీసింది. అలా మాట్లాడుతూ మాట్లాడుతూ తనే అంది, "అక్కా, ఇకనుంచి ఇలాంటివాళ్ళ ఇంట్లో ఎవరిదైనా ఫోన్ నెంబరు రాసుకుందాం" అని. ఇప్పుడు నా పుస్తకంలో వెనక పేజీ దానికే. వారం తర్వాత ఫోను చేసి "వెళ్ళారా?" అని అడిగేది నేనే. వాళ్ళ జబ్బు సంగతి మాత్రం ఆ పుస్తకం దాటి మా వీధి అరుగు మీదికి రాదు.

ఆ ముసలమ్మ నెంబరు మా దగ్గర లేదు. పల్లె బస్సు వచ్చే వేళకి తను ఇప్పటికీ కిటికీలోంచి చూస్తుంది.

ఇలాంటి దిగులు పట్టి నిద్ర లేకపోయినా, పనికి వెళ్ళబుద్ధి కాకపోయినా, ఊరికే చిరాకు, ఏడుపు వస్తున్నా అది పొగరు కాదు, బద్ధకం కాదు. వారాలు గడిచినా తగ్గకపోతే డాక్టరుని కలవాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416 కి ఫోను చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టర్లు కూడా చేయొచ్చు. తను చేసింది.

కుర్చీలో పడుకునే మనం

మనవల్ల కూడా వాళ్ళకి కొంత తగ్గుతుంది. పన్ను పుచ్చి నల్లచుక్క పడ్డప్పుడే వెళితే పావుగంట పని. దవడ వాచాక వెళితే గంట పని, ఇద్దరికీ నరకం. రాలేకపోతే ముందు రోజే ఫోను చేసి చెప్పండి. బి.పి., షుగరు, గుండెజబ్బు, రక్తం పలచబడడానికి వేసుకునే మాత్రలు, గర్భం, ఇవి అడగకముందే చెప్పండి. మావైపు ఆడవాళ్ళు గర్భం సంగతి మూడో నెల దాటేదాకా చెప్పరు. డాక్టరమ్మ దగ్గర ఆ దాపరికం వద్దు. మామూలు మత్తు సూదితో పన్ను తీయించుకునేటప్పుడు డాక్టరు వద్దంటే తప్ప ఖాళీ కడుపుతో వెళ్ళకండి, కళ్ళు తిరుగుతాయి. నొప్పి అనిపిస్తే తల తిప్పకుండా ఎడమ చెయ్యి పైకెత్తండి.

ఇంకొకటి మరీ మరీ చెప్పాలి. "అల్లరి చేశావంటే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయిస్తా" అని పిల్లల్ని బెదిరించకండి. అలా పెరిగిన అయిదేళ్ళ పిల్లాడు ఒకడు తన వేలు కొరికాడు. పళ్ళ గాట్లు వారం రోజులున్నాయి. వాళ్ళమ్మ పక్కనే కూర్చుని "చెప్పానా, అల్లరి చేస్తే పీకేస్తారని" అంటూనే ఉంది. నాకు ఎంత కోపం వచ్చిందో!

మొన్న ఒంటిగంటా నలభైకి బోర్డు తిప్పేసి, ఇద్దరం కంచాల ముందు కూర్చున్నాం. తను ఆవకాయ అన్నం చేత్తోనే కలుపుతోంది. వేళ్ళు నూటికి నూరుపాళ్ళు బాగయ్యాయని అనను గానీ ముద్ద వస్తోంది. తలుపు కొట్టారు. నేను వెళ్ళి చూస్తే కొయ్యూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన. బుగ్గ కొబ్బరికాయంత వాచి ఉంది. కన్ను సగం మూసుకుపోయింది. "బోర్డు చూశానమ్మా, బయట కూకుంటాను" అన్నాడు. ఎండలో ఎక్కడ కూర్చుంటాడు? నేను వెనక్కి తిరిగి చూసేసరికి తను అప్పటికే చెయ్యి కడుక్కుంటోంది. బోర్డు మళ్ళీ తిప్పాను. రెండున్నరకి రమ్మన్న వాళ్ళకి ఫోను చేసి మూడున్నరకి రమ్మన్నాను. ఆవకాయ అన్నం మూత పెట్టి, అంబలి గ్లాసు లోపలికి పంపించాను.